సీరియల్ ప్రింటర్లు: తొలితరం పర్సనల్ కంప్యూటర్లతో అనుసంధానం

నిర్వచనం, పరిధి

కంప్యూటరు పంపే అక్షర సంకేతాలను ఒకే తీగ మీద బిట్టు వెంట బిట్టుగా అందుకుని కాగితం మీద అచ్చువేసే యంత్రాన్ని సీరియల్ ప్రింటరు అంటారు. ఒక అక్షరంలోని ఎనిమిది బిట్లనూ ఎనిమిది తీగల మీద ఒక్కసారే అందుకుంటే అది పారలల్ ప్రింటరు. ముద్రణ యంత్రాల వర్గీకరణలో సీరియల్ అన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. పంక్తినంతా ఒక్క దెబ్బకు కొట్టే లైన్ ప్రింటరుకు భిన్నంగా, అక్షరం తర్వాత అక్షరం కొట్టే యంత్రం అని. ఆ అర్థం ఇక్కడ వర్తించదు. ఈ వ్యాసం 1970ల చివరి నుంచి 1990ల మధ్య వరకు వచ్చిన ఇంటి, కార్యాలయ కంప్యూటర్లకు సీరియల్ ప్రింటర్లను తగిలించి, మొదటి పేజీతో పాటు వందో పేజీ కూడా ఒక్క అక్షరం పోకుండా వచ్చేలా చేయడం గురించి.

చరిత్ర

సీరియల్ ముద్రణ పర్సనల్ కంప్యూటరు కంటే పాతది. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకు 110 బిట్ల వేగంతో నడిచేది. ప్రారంభ బిట్టు, ఏడు డేటా బిట్లు, పారిటీ బిట్టు, రెండు ముగింపు బిట్లు కలిపి ఒక్కో అక్షరానికి 11 బిట్లు పట్టేవి. అంటే సెకనుకు 10 అక్షరాలు. ఆ యంత్రంలో తీగ వేగమూ అచ్చు వేగమూ ఒక్కటే కనుక పంపేవారిని ఆపవలసిన అవసరం దాదాపు రాలేదు. అచ్చు భాగం పంక్తి చివరి నుంచి ఎడమ అంచుకు వెళ్లేందుకు కొంత వ్యవధి కావాలి. దాని కోసం మాత్రం ఒకటి రెండు ఖాళీ సంకేతాలు కలిపి పంపేవారు.

తీగల ప్రమాణం కూడా ఆ కాలానిదే. అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఇండస్ట్రీస్ అసోసియేషన్ 1960లో ఆర్ఎస్-232ను ప్రకటించింది. పర్సనల్ కంప్యూటర్ల తయారీదారులు అనుసరించినది 1969 నాటి సి-రూపం. టెర్మినలుకూ మోడెముకూ మధ్య సంబంధాన్ని నిర్వచించడమే ఆ ప్రమాణం ఉద్దేశం. ప్రింటరు అందులో లేదు. తర్వాతి పాతికేళ్లలో సీరియల్ ప్రింటర్లు పెట్టిన ఇబ్బందుల్లో అధిక భాగానికి మూలం ఇక్కడే ఉంది: తన లెక్కలో లేని యంత్రాన్ని ఆ ప్రమాణం మోయవలసి వచ్చింది.

సెంట్రానిక్స్ సంస్థ 1970లో మోడల్ 101తో పాటు తెచ్చిన పారలల్ పద్ధతి ప్రింటర్ల కోసమే పుట్టినది కనుక, "తీరిక లేదు" అని చెప్పే తీగ అందులో మొదటి నుంచీ ఉంది. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దానికి తోడుగా అమ్మిన ప్రింటరు ఎప్సన్ ఎంఎక్స్-80కి ఐబీఎం పేరు పెట్టినదే, పారలల్‌గా తగిలేదే. అయినా సీరియల్ వెనక్కి పోలేదు. డయాబ్లో 630 లాంటి డైసీవీల్ ప్రింటర్లు మినీ కంప్యూటర్ల కాలపు అలవాట్లతో వచ్చాయి. పారలల్ కేబులు కొద్ది మీటర్లు దాటితే నమ్మకం ఉండదు. ఆర్ఎస్-232 కేబులుకు ప్రమాణం ప్రకారమే సుమారు 15 మీటర్ల వరకు అనుమతి ఉంది. ఆపిల్ 1983లో తెచ్చిన ఇమేజ్‌రైటర్ సీరియల్ యంత్రం. 1984 నాటి మొదటి హెచ్‌పీ లేజర్‌జెట్ కూడా సీరియల్ తీగతోనే వచ్చింది.

సంకేతాలు, తీగలు

తీగ మీద ఏమీ నడవనప్పుడు పంపే పిన్ను దగ్గర మైనస్ వోల్టేజీ ఉంటుంది. ప్రారంభ బిట్టుతో అది ప్లస్ వైపు మారుతుంది. పంపే వైపు 5 నుంచి 15 వోల్టుల వరకు, అందుకునే వైపు కనీసం 3 వోల్టులు ఉండాలన్నది నియమం. ప్రారంభ బిట్టు అంచు దగ్గర అందుకునే యంత్రం తన గడియారాన్ని సరిచూసుకుని, అక్కడి నుంచి ఒక్కో బిట్టు నడిమధ్యలో తీగను చదువుతుంది. పది బిట్ల చట్రంలో చివరి బిట్టు నడిమధ్యకు వచ్చేసరికి పేరుకున్న తేడా అర బిట్టు దాటకూడదు. లెక్క వేస్తే రెండు గడియారాల మధ్య మొత్తం తేడా 5 శాతం లోపే ఉండాలి. ఆచరణలో ఒక్కో వైపు 2 శాతం లోపు ఉంటేనే నిశ్చింత.

ఆర్ఎస్-232 ప్రపంచాన్ని రెండు పక్షాలుగా చూస్తుంది: టెర్మినల్ పక్షం, మోడెం పక్షం. 25 పిన్నుల ప్లగ్గులో టెర్మినలు 2వ పిన్ను మీద పంపుతుంది, 3 మీద అందుకుంటుంది. మోడెం పక్షానికి ఇది తిరగబడుతుంది. 7 ఉమ్మడి సిగ్నల్ గ్రౌండు. ప్రింటరు ఏ పక్షం? చాలామంది తయారీదారులు దాన్ని టెర్మినలుగానే కట్టారు. ఐబీఎం పీసీ కూడా టెర్మినలే. ఇద్దరూ 2 మీదే మాట్లాడి 3 మీదే వింటారు కనుక తిన్నని కేబులుతో ఒకరి మాట ఒకరికి వినబడదు. రెండు తీగలనూ అడ్డంగా మార్చిన కేబులును నల్ మోడెం కేబులు అంటారు. 1981 నాటి ఆపిల్ సూపర్ సీరియల్ కార్డు రూపకర్తలు ఈ చిక్కును ముందే గుర్తించారు. కార్డు మీద బాణం గుర్తున్న చిన్న దిమ్మె ఒకటి ఉంటుంది. దాన్ని ఊడదీసి మోడెం వైపో టెర్మినల్ వైపో తిప్పి గుచ్చితే కేబులు ముట్టుకోకుండానే తీగలు తారుమారవుతాయి. ఆ కాలపు కార్డుల్లో ఇంత తెలివైన ఏర్పాటు అరుదు.

1984 నాటి ఐబీఎం పీసీ ఏటీతో 9 పిన్నుల ప్లగ్గు ప్రచారంలోకి వచ్చింది. అందులో 3 మీద పంపడం, 2 మీద అందుకోవడం, 5 గ్రౌండు. 25 పిన్నుల వరసకు ఇది తలకిందులు కనుక పాత పటాన్ని చూసి కొత్త కేబులు కట్టినవారు తరచుగా పొరబడ్డారు.

హ్యాండ్‌షేకింగ్

అందుకునే యంత్రం పంపే యంత్రానికి ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు సాగాలో చెప్పడాన్ని హ్యాండ్‌షేకింగ్ అంటారు. నమ్మకమైన ముద్రణ దాదాపు పూర్తిగా ఈ ఒక్క అంశం మీద నిలబడుతుంది. సెకనుకు 9,600 బిట్లంటే 960 అక్షరాలు. సెకనుకు 80 అక్షరాలు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు దగ్గర అచ్చు కోసం వేచి ఉన్న 2,048 అక్షరాలు పట్టే నిల్వ, అంటే బఫరు, ఉందనుకుందాం. సెకనుకు 880 అక్షరాల చొప్పున మిగులుతుంటే రెండున్నర సెకన్లు కాకముందే బఫరు నిండుతుంది. ఆ క్షణాన ప్రింటరు "ఆగు" అనాలి, కంప్యూటరు ఆ మాట వినాలి. రెండింటిలో ఏది జరగకపోయినా తర్వాతి అక్షరాలు ఎక్కడికీ చేరవు. చిన్న ఉత్తరం చక్కగా వచ్చి, పెద్ద నివేదిక మధ్యలో పంక్తులు మాయమవడానికి కారణం ఇదే. అక్షరాలు కాగితం మీద పడ్డంత మాత్రాన అనుసంధానం కుదిరినట్టు కాదు.

ఆగమని చెప్పే పద్ధతులు మూడు. మొదటిది తీగ ద్వారా: బఫరు నిండగానే ప్రింటరు ఒక పిన్ను వోల్టేజీని ప్లస్ నుంచి మైనస్‌కు దించుతుంది. అది ఏ పిన్ను అన్న ప్రశ్నకు ప్రమాణంలో జవాబు లేదు. ఎక్కువ ప్రింటర్లు 20వ పిన్నును, అంటే డీటీఆర్‌ను వాడాయి. కొన్ని 11ను, మరికొన్ని 19ను వాడాయి. ప్రింటరు పుస్తకంలోని పిన్నుల పట్టికను చదవకుండా కేబులు కట్టడం దండగ.

రెండోది ఎక్సాన్/ఎక్సాఫ్. ప్రింటరే కంప్యూటరుకు 19వ సంకేతం పంపితే ఆగు అని, 17 పంపితే కానివ్వు అని అర్థం. మూడు తీగలు చాలు. అయితే కంప్యూటరులోని ప్రోగ్రాము ఆ తిరుగు సంకేతాల కోసం కనిపెట్టుకుని ఉండాలి. మూడోది డైసీవీల్ కాలపు ఈటీఎక్స్/ఏసీకే. కంప్యూటరు ఒక విడత అక్షరాల చివర 3వ సంకేతం జోడిస్తుంది. ఆ విడత అచ్చయ్యాక ప్రింటరు 6వ సంకేతంతో బదులిస్తుంది. బదులు వచ్చేదాకా తర్వాతి విడత కదలదు. విడత పరిమాణం బఫరు కంటే చిన్నదిగా ఉంటే చాలు, ఇది చాలా భద్రమైన పద్ధతి.

తక్కువ వేగం ఈ లోపాన్ని దాచేస్తుంది. 300 బిట్ల వేగంలో సెకనుకు 30 అక్షరాలే వస్తాయి. 80 కొట్టగల ప్రింటరుకు ఆగమనే పని పడదు. అందువల్ల 300లో బాగా నడిచి 9,600లో చెడిపోయే అమరికను చూసి చాలామంది పొడవు కేబులునో విద్యుత్ అలజడినో అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు ఆగమనే తీగదే. (పరీక్షించే విధానానికి చూ. లోప నిర్ధారణ)

ఐబీఎం పీసీ, డాస్

పీసీలో సీరియల్ పనిని 8250 అనే చిప్పు చూసేది. దానికి అందే 1.8432 మెగాహెర్ట్‌జ్ గడియారాన్ని 16తో భాగిస్తే 115,200. దాన్ని 12తో భాగిస్తే 9,600, 96తో భాగిస్తే 1,200. తర్వాత వచ్చిన 16550ఏ చిప్పులో 16 అక్షరాల వరస ఉంది. అది మోడెం నుంచి వేగంగా అందుకునే పనికి మేలు చేసింది. ప్రింటరుకు పంపే పనిలో దానివల్ల ఒరిగేది కొద్దే.

డాస్ దృష్టిలో ప్రింటరు అంటే ఎల్‌పీటీ1, అంటే పారలల్ పోర్టు. సీరియల్ ప్రింటరు కోసం రెండు ఆజ్ఞలు ఇవ్వాలి. మోడ్ కామ్1:9600,ఎన్,8,1,పి అన్నది వేగాన్నీ బిట్ల అమరికనూ నిర్ణయిస్తుంది. మోడ్ ఎల్‌పీటీ1:=కామ్1: అన్నది ప్రింటరు కోసం వెళ్లేదాన్ని సీరియల్ పోర్టుకు మళ్లిస్తుంది. వరస కూడా ఇదే ఉండాలి. మొదటి ఆజ్ఞ చివరి పి అక్షరాన్ని అదనపు అలంకారమని వదిలేసేవారు ఎక్కువ. అది లేకపోతే ప్రింటరు కొంతసేపు ఆగమన్నప్పుడు గడువు మించిందని డాస్ పొరపాటు సందేశం చూపించి పని ఆపేస్తుంది. పి ఉంటే ఓపిగ్గా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈ రెండు ఆజ్ఞలను ఆటోఎగ్జెక్ ఫైలులో పెడితే యంత్రం వెలిగించిన ప్రతిసారీ గుర్తు పెట్టుకోనక్కరలేదు.

కేబులు విషయంలో, పీసీలో శాశ్వతంగా ఉండే మూల ప్రోగ్రాము అయిన బయోస్ అలవాటు తెలియాలి. ఒక అక్షరం పంపే ముందు బయోస్ తన వైపు నుంచి వెళ్లే డీటీఆర్, ఆర్‌టీఎస్ తీగలను ప్లస్‌కు ఎత్తి, అవతలి నుంచి వచ్చే డీఎస్ఆర్, సీటీఎస్ తీగలు రెండూ ప్లస్‌లో ఉన్నాయా అని చూస్తుంది. ఎక్సాన్/ఎక్సాఫ్‌ను అది పట్టించుకోదు. కనుక డాస్ కింద ఆగమనే మాట తీగ మీదే వెళ్లాలి. ప్రింటరు 20వ పిన్నును 25 పిన్నుల పీసీ వైపు 5కూ (సీటీఎస్) 6కూ (డీఎస్ఆర్) కలిపి తగిలించడమే సరైన పద్ధతి. 9 పిన్నుల పీసీ అయితే ప్రింటరు 20 వెళ్లి అవే తీగలైన 8, 6లలో కలుస్తుంది; పీసీ 3 ప్రింటరు 3కు, పీసీ 5 ప్రింటరు 7కు. డీఎస్ఆర్, సీటీఎస్‌లను పీసీ ప్లగ్గులోనే డీటీఆర్‌తో కలిపి కట్టేసే అడ్డదారి ఒకటి ఉంది. పొరపాటు సందేశాలు వెంటనే ఆగిపోతాయి, బఫరు నిండినప్పుడు అక్షరాలు మౌనంగా పోతాయి. లోపాన్ని నయం చేయకుండా దాని జాడను చెరిపేసే ఈ పద్ధతిని వాడకూడదు.

కొన్ని పదసంస్కరణ ప్రోగ్రాములు బయోస్‌ను పక్కనపెట్టి చిప్పుతో నేరుగా మాట్లాడేవి. అప్పుడు మోడ్ ఆజ్ఞ ఏమి చెప్పిందో లెక్కలోకి రాదు, ప్రోగ్రాము లోపలి అమరికే చెల్లుతుంది. విండోస్ 3.1 కూడా తన కంట్రోల్ ప్యానెల్‌లోని పోర్టుల అమరికనే పాటించేది. అందులో ఎక్సాన్/ఎక్సాఫ్, హార్డ్‌వేర్, ఏదీ వద్దు అనే మూడు ఎంపికలు ఉండేవి.

ఇతర యంత్రాలు

సీపీ/ఎం యంత్రాల్లో మెమరీలోని 3వ చిరునామాలో ఐవోబైట్ అనే గుర్తు ఉంటుంది. ముద్రణ ఏ పరికరానికి పోవాలో దాని పై రెండు బిట్లు చెబుతాయి. స్టాట్ ఆజ్ఞతో దాన్ని మార్చవచ్చు. అయితే బయోస్ రాసినవారు ఐవోబైట్‌ను అమలు చేసి ఉంటేనే అది పనిచేస్తుంది.

ఆపిల్ టూ తన అక్షరాలను పై బిట్టు వెలిగించి పంపుతుంది. మధ్యలోని కార్డు ఆ బిట్టును తీసేయకపోతే ప్రింటరు వాటిని వేరే గుర్తులుగా చదువుతుంది. 1984 నాటి ఆపిల్ టూసీలో సీరియల్ పోర్టులు లోపలే ఉన్నాయి. తొలి విడత బోర్డుల్లో గడియారం తగినంత కచ్చితంగా లేక కొన్ని పరికరాలతో పొసగలేదు. మెకింతాష్ పోర్టు ఆర్ఎస్-422 రకం, దాని ప్రింటర్లు దానికి పక్కాగా కుదిరేవి.

బ్రిటన్‌లోని బీబీసీ మైక్రోలో ఆర్ఎస్-423 పోర్టు ఉంది. నక్షత్రం గుర్తుతో మొదలయ్యే ఎఫ్ఎక్స్5,2 ఆజ్ఞ సీరియల్ ప్రింటరును ఎంచుతుంది, ఎఫ్ఎక్స్8,7 పంపే వేగాన్ని 9,600 చేస్తుంది, ఎఫ్ఎక్స్6,0 పంక్తి మార్పు సంకేతాన్ని ప్రింటరు దాకా పోనిస్తుంది. టాండీ కలర్ కంప్యూటరులో సీరియల్ చిప్పే లేదు. ప్రాసెసరే వ్యవధి లెక్కపెట్టుకుంటూ ఒక్కో బిట్టును తీగ మీదకు తోసేది. మామూలు వేగం 600. పోక్ 150,41 అంటే 1,200.

కమొడోర్ 64 వెనక సీరియల్ అని రాసి ఉన్నది ఆర్ఎస్-232 కాదు. అది డిస్కు డ్రైవులూ ప్రింటర్లూ వరసగా తగిలించుకునే కమొడోర్ సొంత బస్సు. ప్రింటరుకు 4 లేదా 5 అనే పరికర సంఖ్య ఉంటుంది, వేగం, పారిటీ అనే ప్రశ్నలే రావు. ఇతర సంస్థల ప్రింటరు పెట్టాలంటే మధ్యలో మార్పిడి పెట్టె కావాలి.

లోప నిర్ధారణ

కేబులు తగిలించక ముందే ప్రింటరు తనంత తాను స్వయం పరీక్ష పేజీ కొడుతుందో లేదో చూడాలి. చాలా ప్రింటర్లలో ఒక బటను నొక్కి పట్టుకుని స్విచ్చి వేస్తే ఆ పేజీ వస్తుంది. ఆ తర్వాత మల్టీమీటరు. గ్రౌండుకూ 2వ పిన్నుకూ మధ్య, తర్వాత గ్రౌండుకూ 3కూ మధ్య వోల్టేజీ కొలవాలి. ఖాళీగా ఉన్న యంత్రం ఏ పిన్ను మీద మైనస్ చూపిస్తుందో ఆ పిన్ను మీదే అది పంపుతుంది. రెండు యంత్రాలూ ఒకే పిన్ను మీద మైనస్ చూపిస్తే అడ్డంగా మార్చిన కేబులు కావాలి. ఈ చిన్న కొలత పుస్తకాలు దొరకని పాత యంత్రాల విషయంలో కొన్ని గంటల శ్రమను తగ్గిస్తుంది.

పీసీ వెనక 25 పిన్నుల ప్లగ్గులు రెండు కనిపించవచ్చు. పిన్నులు బయటికి పొడుచుకు వచ్చినది సీరియల్, రంధ్రాలున్నది పారలల్. 5 వోల్టుల పారలల్ పోర్టులోకి 12 వోల్టుల సీరియల్ తీగను గుచ్చితే చిప్పు పోతుంది. ప్లగ్గు సరిపోయింది కదా అని తోసేయకూడదు. రెండు యంత్రాలనూ ఒకే గోడ బోర్డు నుంచి నడపడం మంచిది. ఎర్తింగులో తేడా ఉంటే ఆ విద్యుత్తు 7వ తీగలోంచి ప్రవహించి 1488, 1489 లాంటి లైను చిప్పులను కాల్చేస్తుంది.

అచ్చులో కనిపించే గుర్తులు రోగాన్ని పట్టిస్తాయి. మొదటి అక్షరం నుంచే అర్థంలేని గుర్తులు వస్తే రెండు వైపులా వేగం ఒకటి కాదు. చాలా అక్షరాలు సరిగ్గా ఉండి కొన్ని మాత్రం వాలు అక్షరాలుగానో బొమ్మ గుర్తులుగానో మారితే పారిటీ కుదరలేదు: 7 బిట్లూ పారిటీగా పంపినదాన్ని ప్రింటరు 8 బిట్లుగా చదువుతోంది. పంక్తి మీద పంక్తి పడితే పంక్తి మార్పు సంకేతాన్ని ఎవరూ ఇవ్వడం లేదు, పంక్తికీ పంక్తికీ మధ్య ఖాళీ పంక్తి వస్తే ఇద్దరూ ఇస్తున్నారు. ప్రింటరులోని డిప్ స్విచ్చితో దీన్ని సరిచేయవచ్చు, కానీ స్విచ్చి మార్చాక ప్రింటరును ఆపి మళ్లీ వేస్తేనే చాలా నమూనాలు దాన్ని గమనిస్తాయి.

చివరిగా, అన్నిటికంటే ముఖ్యంగా, ఆగమనే తీగ పరీక్ష. పది పేజీలకు తగ్గని, ప్రతి పంక్తికీ సంఖ్య ఉన్న ఫైలును వాడబోయే వేగంలోనే పంపాలి. మధ్యలో ప్రింటరును ఆఫ్‌లైన్ చేసి రెండు మూడు నిమిషాలు ఊరుకోవాలి. మళ్లీ ఆన్‌లైన్ చేసినప్పుడు పంక్తుల సంఖ్యలు ఒక్కటీ తప్పకుండా సాగాలి. కాగితం అయిపోయినప్పుడు కూడా ఇదే జరగాలి. ఈ పరీక్ష నెగ్గని అమరికను పనికి అప్పగించకూడదు.

బొమ్మలు, తెలుగు అక్షరాలు

బొమ్మలు పంపేటప్పుడు కొత్త చిక్కులు వస్తాయి. డాస్ కాపీ ఆజ్ఞ మామూలుగా 26వ సంకేతం కనబడగానే ఫైలు అయిపోయిందనుకుంటుంది; బొమ్మల ఫైలుకు /బి జోడించాలి. బేసిక్ భాష నిర్ణీత వెడల్పు దాటగానే తనంతట తానే పంక్తి మార్పు చొప్పిస్తుంది. వెడల్పును 255గా పెడితే ఆ బెడద పోతుంది. సీరియల్ తీగ మీద పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటరుకు వెళ్లే బొమ్మలను సాధారణంగా హెక్సాడెసిమల్ అక్షరాలుగా రాసి పంపేవారు, అందువల్ల పరిమాణం రెట్టింపయ్యేది. అంగుళానికి 300 చుక్కల నిండు పేజీ బొమ్మ సుమారు పది లక్షల బైట్లు. 9,600 వేగంలో కుదించకుండా, హెక్సాడెసిమల్‌గా మార్చకుండా పంపినా దానికి 17 నిమిషాలకు పైగా పడుతుంది.

భారతీయ భాషలకు 8 బిట్ల దారి తప్పనిసరి. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఖరారు చేసిన ఇస్కీ సంకేతాల్లో ఇంగ్లిషు అక్షరాలు కింది 128 స్థానాల్లో ఉంటే, తెలుగు తదితర లిపులు పై సగంలో ఉన్నాయి. 7 బిట్ల తీగ మీద పంపితే పై బిట్టు రాలిపోయి తెలుగు వాక్యం రోమన్ అక్షరాల గందరగోళంగా మారుతుంది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లలో తెలుగు లిపి సాధారణంగా ఉండేది కాదు కనుక అక్షరాలను చుక్కల బొమ్మలుగా పంపవలసి వచ్చేది. ఎప్సన్ పద్ధతి 8 సూదుల బొమ్మలో పై సూదిని నడిపేది పై బిట్టే. తీగను 7 బిట్లకు అమర్చితే ప్రతి పట్టీలోనూ పై వరస చుక్కలు పడవు. తలకట్టు ఆ వరసలో ఉంటే అక్షరానికి తలకట్టే ఉండదు. ఇంగ్లిషు పాఠం మీద పరీక్షించి సరే అనుకున్న అమరిక తెలుగు దగ్గర దొరికిపోవడానికి కారణం ఇదే.

తర్వాతి కాలం

1996లో తొలి ప్రమాణం వెలువడిన యూఎస్‌బీ ఇంటి ప్రింటర్ల నుంచి సీరియల్ పోర్టును తప్పించింది. రసీదు ప్రింటర్లలో, బ్యాంకు పాస్‌బుక్ ప్రింటర్లలో అది చాలాకాలం నిలిచింది. ఎప్సన్ పీఎల్‌క్యూ-20 లాంటి పాస్‌బుక్ ప్రింటర్లకు సీరియల్, పారలల్, యూఎస్‌బీ మూడూ ఉన్నాయి. రసీదు ప్రింటర్లలో కూడా వేగం, పారిటీ, డీటీఆరా ఎక్సాఫా అన్న మూడు ప్రశ్నలు డిప్ స్విచ్చిల రూపంలో మిగిలాయి.

పాత యంత్రాలను పునరుద్ధరించేవారు ఇప్పుడు యూఎస్‌బీ-సీరియల్ తీగను ఒక సాధనంగా వాడుతున్నారు. ప్రింటరు బదులు కొత్త కంప్యూటరును తగిలించి టెర్మినల్ ప్రోగ్రాములో చూస్తే పాత యంత్రం సరిగ్గా ఏ సంకేతాలు పంపుతోందో ఒక్కొక్కటిగా కనిపిస్తుంది. కాగితం ఖర్చు లేకుండా సగం లోపాలు అక్కడే తేలతాయి. అయితే కొత్త కంప్యూటరులో పాత డాస్‌ను నేరుగా నడిపి, ఆ తీగతో పాత ప్రింటరును పనిచేయించడం సాధారణంగా కుదరదు. డాస్ ప్రోగ్రాములు కామ్1 కోసం 3ఎఫ్8 అనే చిరునామాలో వెతుకుతాయి. యూఎస్‌బీ తీగ అక్కడ ఉండదు.